బావకో వేషం

“మూగజీవాల్ని కొట్టొద్దని చెప్పే ప్రకటన ఇది. యజమాని చెయ్యెత్తగానే కుక్క బల్ల కిందికి దూరి వణకాలి. నేర్పగలవా?” అని అడిగాడు డైరెక్టర్. సినిమాలకీ ప్రకటనలకీ కుక్కల్ని తయారుచెయ్యడం నా వృత్తి.

“మా అక్కవాళ్ళ కుక్క బొగ్గు చేస్తుంది సార్. కాకపోతే యజమాని వేషం మా బావకే ఇవ్వాలి” అన్నాను.

బావ ఎగిరి గంతేశాడు. మీసానికి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అక్కనీ బొగ్గునీ వెంటబెట్టుకుని షూటింగుకి దిగాడు.

“నాలో నటుడున్నాడని ఇన్నాళ్ళకి కనిపెట్టావు మరదలా!”

“నాకెప్పుడో తెలుసు బావా.” పదిమందిలో మా బావంత మెత్తటి మనిషి ఉండడు మరి.

“టీవీలో వస్తుందిగా? మా ఆఫీసులో అందరూ చూస్తారుగా?”

“అందరూ చూడాలనేగా నా తాపత్రయం.”

“యాక్షన్!” అని అరిచాడు డైరెక్టర్.

బావ చెయ్యెత్తాడు. బొగ్గు తోక ముడుచుకుని బల్ల కిందికి దూరింది. గజగజ వణికింది. దాని కింద నేల తడిసింది.

“కట్! బ్రహ్మాండం! ఇంత బాగా ఎలా నేర్పావమ్మా?”

“నేనేం నేర్పలేదు సార్. ఇదంతా మా బావ శిక్షణే.”

బావ నవ్వబోయి ఆగిపోయాడు. చప్పట్లు కొట్టాల్సినవాళ్ళెవరూ కొట్టడం లేదు. బావనీ చూడటం లేదు, బొగ్గునీ చూడటం లేదు. అందరి కళ్ళూ నా పక్కకే తిరిగి ఉన్నాయి.

అక్కడ నిలబడ్డ అక్క, ముఖానికి అడ్డం పెట్టుకున్న చెయ్యి ఇంకా దించలేదు.