కన్ను జరిగింది

“పొరపాటంటే ఎలా నమ్మను పీరయ్యా? ఈ తుపాకీ పాఠం కొత్తవాళ్లకు చెప్పేదే నువ్వు!”

విచారణ అధికారి వీరరాఘవరావు గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. బల్లకు ఇవతల హెడ్ కానిస్టేబుల్ పీరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పక్కన కుర్చీలో రామచంద్రరావు, చనిపోయిన వేదవతి భర్త. గడ్డం మాసిపోయి మనిషి సగమయ్యాడు.

అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమం రోజులు. కర్ఫ్యూ సడలించిన పూట నారాయణగూడలో జనం కూరగాయలకు ఎగబడ్డారు. అంతలో ఒక కుర్రాడు వెలిగించిన కాగడాతో పెట్రోలు బంకు వైపు పరుగెత్తాడు. దూరంగా ఒక మేడమీద, దుర్భిణి బిగించిన తుపాకీతో పీరయ్య ఉన్నాడు. మోకాలి మీద కాల్చమని ఆర్డరు వచ్చింది. కాల్చాడు. గుండు మోకాలి పక్కగా పోయి, వెనకాల కూర్చుని బెండకాయలు ఏరుతున్న వేదవతి గుండెలో దిగింది.

కుర్రాడు కాగడా పారేసి సందుల్లో పడి మాయమయ్యాడు. వాడెవడో ఇప్పటికీ తేలలేదు.

“దుర్భిణిల ప్లస్ గుర్తు మోకాలి మీదనే ఉండె సార్” అన్నాడు పీరయ్య. “కానీ కన్ను సరిగ్గ నడుమల ఉండాలె. జర పక్కకు జరిగితే గుర్తు ఆడనే కనబడ్తది, గుండు ఇంకో దిక్కు పోతది. గోడ గడియారాన్ని పక్కనుంచి చూస్తే ముల్లు వేరే తాన కనబడ్తది గద, గట్ల. నా కన్ను జరిగింది సార్.”

“ఎంత తేడా వస్తుంది?”

“గంత దూరంల, నాలుగు వేళ్లు.”

ఆ మాటకు రామచంద్రరావు కుర్చీలో ముందుకు వంగాడు.

“నాకొక్కటి చెప్పండి పీరయ్యగారూ. జనం ఏదేదో అంటున్నారు. కోస్తా వాళ్లమని, మా ఆవిణ్ణి చూసే కాల్చారా?”

పీరయ్య చేతులు జోడించాడు.

“నా కొడుకు మీద ఒట్టు సారూ. అమ్మ ఆడ కూసున్నది నేను చూడనే లేదు.”

రామచంద్రరావు అతని ముఖంలోకి చూసి, అధికారి వైపు తిరిగాడు.

“ఈయన అబద్ధం చెప్పడం లేదండీ. పొరపాటే. వదిలేయండి. ఇంకో ఇల్లు కూడా ఎందుకు పాడవ్వాలి?” అని కళ్లు తుడుచుకున్నాడు.

సంతకాలయ్యాయి. పీరయ్య చిక్కడపల్లి మీదుగా కాళ్లీడ్చుకుంటూ నడిచి, కవాడిగూడలో తన ఇంటి తలుపు తట్టాడు.

“నన్నెవరూ గుర్తుపట్టలే గద నాయినా?” అంటూ తలుపు ఓరగా తీశాడు, ఆ కాగడా కుర్రాడు.