రెండో పిలుపు

"టీ తాగు చెల్లీ. చక్కెర ఎక్కువే వేయించాను," అన్నాడు ఆసుపత్రి వరండాలో పక్క కుర్చీలోని మనిషి.

లూపే కప్పు అందుకోలేదు.

"నాకొద్దు."

"టీ వద్దన్న టోంగా దీవుల మనిషిని ఈరోజే చూస్తున్నా," అంటూ కప్పును వాళ్ళిద్దరి మధ్య పెట్టాడు.

ఆమె మొహం తిప్పుకుంది. అతని కళ్ళు పచ్చగా ఉన్నాయి. లోపల పరీక్షలు చేయించుకుంటున్న తన భర్త కెలేపి కళ్ళలాగే.

అంటే, మొదటి మనిషి ఇతనే.

తెల్లవారగానే ఆసుపత్రి నుంచి ఫోనులో సిస్టర్ దాపరికం లేకుండా చెప్పింది. "ఒక లివర్ వచ్చింది. ఇద్దర్ని పిలుస్తున్నాం. కెలేపి రెండో మనిషి. మొదటి మనిషికి కుదరకపోతేనే మీకు."

కెలేపికి హెపటైటిస్ బి పుట్టుకతోనే తల్లి నుంచి వచ్చింది. ఇన్నేళ్ళూ చప్పుడు చేయకుండా తిని, కాలేయాన్ని ఎండు కొబ్బరిచిప్పలా చేసింది. ఇంకో పిలుపు వచ్చేదాకా బతకడని డాక్టరు ముందే చెప్పాడు.

"ఒక్కదానివే వచ్చావేం? మీవాళ్ళు ఒకరికి జలుబు చేస్తే బస్సు కట్టించుకుని దిగుతారుగా!"

"దక్షిణాన ఓమరూ నుంచి చిన్న విమానంలో తెచ్చారు. ఇద్దరికే చోటు."

"నాకు తోడు మా అక్క వచ్చింది. పోట్లాడి పోయి కారులో కూర్చుంది." నవ్వాడు. "నా పేరు రాపట. ఉత్తరాన కైకోహె అవతల మా ఊరు. మీ ఆయన ఏం చేస్తాడు?"

"కబేళాలో పని."

"అబ్బో, నేనూ అక్కడ కత్తి పట్టినవాణ్ణే. గొర్రెలు ఇద్దర్నీ కలిపే శపించినట్టున్నాయి."

లూపే నవ్వలేదు. అతని చేతుల మీది పచ్చబొట్లు చూసింది. ఈ రోగం తాగి తాగి తెచ్చుకుని ఉంటాడు అనుకుంది.

తర్వాత ఆ చేతులు వణకడం చూసింది.

బయట ఎండ కాస్తోంది. అతను మందపాటి కోటు విప్పలేదు. నుదుటి మీద చెమట. కుడికాలి మడమ బూటు పట్టనంతగా వాచింది.

జ్వరం.

దాని అర్థం ఆమెకు తెలుసు. రోగుల ఇంటివాళ్ళను కూర్చోబెట్టి డాక్టరు చెప్పిన మొదటి మాట అదే. "ఒంట్లో ఎక్కడ చీము పట్టినా లివర్ పెట్టం. పెట్టాక ఇచ్చే మందులు ఒంటి కాపలాను పడుకోబెడతాయి. ఇక ఆ చీమే మనిషిని తినేస్తుంది."

దాస్తున్నాడు.

ఇంతలో సిస్టర్ వచ్చింది. "రాపటా, పైన మంచం సిద్ధం. రండి."

"కాసేపాగి వస్తాలే తల్లీ. మంచానికి కాళ్ళున్నా ఎక్కడికీ పోదుగా."

మంచం ఆపరేషన్‌కే అనుకుంది లూపే. లేచి, సిస్టర్ వెనకే మలుపు దాకా వెళ్ళింది.

"ఆయనకి జ్వరం. కాలు వాచింది. మీకు చెప్పకుండా దాస్తున్నాడు. ఒకసారి చూడండి."

సిస్టర్ చేతిలోని ఫైలు మూసింది.

"ఇంకొకరి సంగతి నేను మీతో మాట్లాడకూడదు, లూపే. వెళ్ళి కూర్చోండి."

ఆమె తిరిగి వచ్చేసరికి రాపట కాలు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

"మీ ఆయన చర్చిలో పాడతాడా?"

"పాడతాడు."

"లావు గొంతా, సన్న గొంతా?"

ఆమె తల ఎత్తలేదు. "లావు గొంతు."

మధ్యాహ్నం డాక్టరు వచ్చాడు. "కెలేపిని లోపలికి తీసుకెళ్తున్నాం."

లూపే రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

రాపట గోడ పట్టుకుని లేచాడు. "ఏడుపు తర్వాత. ముందు వెళ్ళి వాడికి మొహం చూపించు." కుంటుకుంటూ లిఫ్టు ఎక్కాడు.

కెలేపి బతికాడు. కళ్ళు తెల్లబడ్డాయి. చేమాకు కూర కావాలని గొడవ చేశాడు. ఆదివారం చర్చిలో అందరూ లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞత చెప్పారు. లూపే కూర్చునే ఉంది.

తిరిగి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, అక్కడి రోగి ఒకరు చెప్పారు. "కైకోహె రాపట నిన్న పోయాడు. కాలి చీము రక్తంలోకి ఎక్కింది. తగ్గితే మళ్ళీ పిలుస్తామన్నారు. తగ్గలేదు."

చావింటికి తమవాళ్ళు తీసుకెళ్ళే అల్లిక చాప ఒకటి చుట్టి పట్టుకుని లూపే ఉత్తరానికి బస్సు ఎక్కింది.

రాపట వాళ్ళు మావోరీలు, ఆ దేశపు మూలవాసులు. వాళ్ళలో శవం ముందు ఏ మాటైనా అనొచ్చు. పోయినవాడు వింటాడు. లూపే వెళ్ళేసరికి ఒక ముసలాయన మూత తీసిన శవపెట్టె మీదికి వంగి తిడుతున్నాడు. "ఒరే, నా చేపల వల పట్టుకుపోయి ఎక్కడ పెట్టావురా? చెప్పి చావొద్దూ!" చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు.

లూపే చెప్పులు విప్పి, చాప పరిచి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"అన్నా, నీ జ్వరం సంగతి సిస్టర్‌కి చెప్పింది నేనే. నీకు రావాల్సింది నేనే లాక్కున్నాను."

 పెట్టె పక్కన కూర్చున్న రాపట అక్క తల ఎత్తింది.

"ఆ టోంగా పిల్లవి నువ్వేనా?"

లూపే తల ఊపింది.

"నువ్వు చెప్పకముందే వాడు చెప్పేశాడమ్మా. ఆసుపత్రిలో అడుగు పెడుతూనే బూటు విప్పి డాక్టరుకి చూపించాడు. దాచరా అని వాడి కాళ్ళు పట్టుకున్నాను. 'ఎవరో పోతూ పోతూ ఇచ్చింది, నాతో పాటు మట్టిలో కలపమంటావా' అన్నాడు. అందుకే కదూ, నేను పోయి కారులో కూర్చుంది."

"మరి... పైన మంచం సిద్ధమన్నారు?"

"జ్వరానికి వైద్యం చెయ్యడానికి."

"అలాంటప్పుడు వెంటనే వెళ్ళలేదేం? అంత వణుకుతూ అక్కడెందుకు కూర్చున్నాడు?"

అక్క తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసింది.

"నేనూ అదే అడిగి తిట్టాను తల్లీ. 'ఆ పిల్ల ఒక్కతే ఉందక్కా, మొగుణ్ణి లోపలికి తీసుకెళ్ళేదాకా పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా' అన్నాడు."