దమ్మున్న బండి

"గదీ ఒక బండేనారా? జర నువ్వే చెప్పు, గదీ ఒక బండేనా?"

ముందు పోతున్న మేకల బేరగాడు సైదులు చిన్న పికప్‌ను గడ్డంతో చూపిస్తూ అడిగాడు కమలాకర్. పక్క సీట్లో ఉన్నది రాజేశ్. కమలాకర్ అతనికి అక్క మొగుడు. అక్క మొగుడి మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఆ సంగతి కమలాకర్‌కు బాగా తెలుసు. తెలిసే మాట్లాడతాడు.

రాజేశ్‌ది స్లాబులు పోసే పని. కాంక్రీటు కలిపే మిల్లరును ఊరూరికీ లాక్కుపోవాలి. ఇన్నాళ్లూ కిరాయి ట్రాక్టరే దిక్కు. ట్రాక్టరు రాని రోజు పన్నెండు మంది కూలీలు మధ్యాహ్నం దాకా చూసి, సద్దులు తినేసి ఇంటికి పోయేవాళ్లు. అది చూడలేక తల్లి సుక్కమ్మ గొర్ల మందను మొత్తం అమ్మేసి, సొంత బండి కొనుక్కోమంది. ఇంట్లో ఇప్పుడు గొర్రెపిల్ల కూడా లేదు. కొనే బండి తప్పయితే మందా పోయినట్టే, పనీ పోయినట్టే.

పన్నెండు గంటలకు అమావాస్య జొరబడుతుంది. ఆలోపే నల్లగొండ షోరూంలో బయానా ఇవ్వాలని పంచాంగం చూసిన అయ్యగారు గట్టిగా చెప్పాడు. చిన్న పికప్పా, పెద్ద పికప్పా అన్నది ఇంకా తేలలేదు. అంటే, రాజేశ్‌కు తేలలేదు. కమలాకర్‌కు పుట్టినప్పుడే తేలిపోయింది.

"పెద్దదే తీస్కో. చిన్న పామునైనా పెద్ద కట్టెతోని కొట్టాలె. నా బండి సూడు. దమ్మెంత, టైర్లెంత, చాసిస్ ఎంత! నీ మిల్లరు దీనికి ఒక లెక్కనా?"

"మిల్లరుకు దాని చక్రాలు దానికున్నయి గద బావా," అన్నాడు రాజేశ్ మెల్లగా. "మోసుడు వేరు, గుంజుడు వేరు. చిన్నది సాలదా అని... పెద్దదైతే ఊర్ల గల్లీలల్ల మలుగదు."

"గల్లీలు వెడల్పు చేపియ్యమను మీ సర్పంచ్‌ను! బండ్ల గురించి నాకు చెప్తవా? నువ్వు నడిపినవా, నేను నడిపిననా?"



కమలాకర్ మాటలు ఎప్పుడూ కోటలు దాటుతాయి. తెల్లటి పెద్ద పికప్, అద్దం మీద 'కమలన్న' అని ఎర్రటి అక్షరాలు, వాటి కింద నోరు తెరిచిన పులి. ఆ బండి ఇప్పటిదాకా మోసిన అతి పెద్ద బరువు కమలాకరే. పెళ్లికైనా చావుకైనా ఒక్కడే వేసుకుపోతాడు. నలుగురి దారికీ అడ్డంగా పెట్టి, చొక్కా సర్దుకుంటూ దిగుతాడు.

రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలోనే అందరూ పోవాలి. సైదులు బండి నిండా మేకలు. పద్దెనిమిది. నల్లగొండ అంగడికి పోతున్నాయి. వెనక జాలీలోంచి అవి కమలాకర్ ముఖంలోకే చూస్తున్నాయి.

"థూ! మేకల కంపు," అన్నాడు కమలాకర్. అన్నాడే గానీ అద్దాలు ఎక్కించలేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకున్నా ఏసీ మాట ఎత్తలేదు. లోపల అతని గొంతు తప్ప మరో చప్పుడు లేదు.

కనగల్ దాటాక ఎత్తు వచ్చింది. సైదులు బండి మూలుగుతూ గేరు మార్చుకుంది. నల్లటి పొగ వచ్చి ఇద్దరి ముఖాన కొట్టింది.

"సూశినవా? పానం పోతాంది దానికి!" కమలాకర్ పకపకా నవ్వాడు. "గీ ఎత్తుకే గిట్లయితే, రేపు మిల్లరు ఏం గుంజుతది? ముసలెద్దు నయం." తల బయటపెట్టి అరిచాడు. "ఓ సైదులూ! జర తొక్కు! అమాసొస్తాంది!"

సైదులు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఎత్తు ఎక్కేశాడు.

తర్వాత పల్లం. కమలాకర్ కాలు బ్రేకు మీది నుంచి తియ్యలేదు. రెండు చేతులతో స్టీరింగు బిగబట్టాడు.

"మెల్లగ బావా."

"నాకు నేర్పకు."

అప్పుడే సుక్కమ్మ ఫోన్ చేసింది.

"ఏ బండి తీస్కుంటానవు బిడ్డా?"

"ఇంక సూస్తున్ననే అమ్మా."

"బావ మాట తీసెయ్యకు. ఆడ అక్కకు మాటొస్తది. కానీ గొర్లు మళ్ల రావు బిడ్డా. అది గూడ యాదికుంచుకో."

రాజేశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బావ ఒక గంట నుంచి మాట్లాడుతున్నాడు. ఈ మనిషికి జర సిగ్గన్నా లేదా అనిపించింది. నల్లగొండ వచ్చేదాకా సైదులు బండి వెనక చక్రాలనే చూస్తూ కూర్చున్నాడు.

పన్నెండుకు పావుగంట ఉందనగా షోరూం ముందు ఆగారు. కమలాకర్ దిగి, దువ్వెనతో తల దువ్వుకుని, చొక్కా సర్దుకున్నాడు.

"పో. పెద్దదానికి బయానా ఇచ్చి రా. నా పేరు చెప్పు, కుర్సీ ఏస్తరు."

"నేను చిన్నదే తీస్కుంట బావా."

పెళ్లయిన పదకొండేళ్లలో ఈ బామ్మర్ది నోటి నుంచి అలాంటి మాట కమలాకర్ విని ఎరగడు. మొహం జేవురించింది.

"హాలియా సంది నెత్తి నోరు కొట్టుకుంట చెప్తాన, నా మాటకు ఇలువ లేదా? గా మేకల బండిల ఏం దమ్ము సూశినవురా నువ్వు?"

రాజేశ్ కిందికి వంగి, హాలియాలో ఇంజను చచ్చి పడిన బావ పెద్ద పికప్‌ను ఇక్కడిదాకా సైదులు చిన్న పికప్ వెనకాల లాక్కొచ్చిన మోకు ముడి విప్పసాగాడు.