ప్లస్ కమ్మీకి కట్టిన ఉంగరం

“ఉంగరం ఏదిరా?”

మాస్టారు అడగడం ఇది మూడోసారి. పూతపనివాడు తొట్టి వైపు చూశాడు. ప్లస్ కమ్మీ నుంచి దిగిన తీగ కొసన ఏమీ లేదు.

“పొట్లాలు తారుమారయ్యాయి మాస్టారూ.”

ఆ దుకాణంలో పూతకు కావలసిన వెండి వచ్చినవాళ్లే తెచ్చుకోవాలి. విరిగిన చెంచానో, తెగిన గొలుసో తెస్తే పూతపనివాడు దాన్ని ప్లస్ కమ్మీకి కడతాడు. పూత పట్టాల్సిన వస్తువును మైనస్ కమ్మీకి కడతాడు. కరెంటు పెడితే ఇక్కడ అరిగిన వెండి అక్కడ పేరుకుంటుంది. పొద్దున బల్ల మీద రెండు పొట్లాలున్నాయి. ఒకదానిలో సొట్ట తీయమని మాస్టారిచ్చిన ఉంగరం. రెండోదాంట్లో ఇంకొకాయన తెచ్చిన తుక్కు వెండి. తొట్టి నీళ్లు చింది పైన రాసిన పేర్లు చెరిగిపోయాయి. విప్పిన పొట్లంలో, వంకరపోయి దారప్పోగులా అరిగిన వెండి చుట్ట కనిపించింది. తుక్కే అనుకున్నాడు. మధ్యాహ్నం రెండో పొట్లం విప్పితే అందులో విరిగిన చెంచా ఉంది.

“మా ఆవిడ నలభై ఏళ్లు ఆ ఉంగరం చేత్తోనే గిన్నెలు తోమింది. అరగక ఏం చేస్తుంది?” అన్నారు మాస్టారు.

“తప్పయిపోయింది. కరిగిపోయింది మాస్టారూ. కొత్తది చేయించి ఇస్తాను.”

“అది నీ పెళ్లాం వేలికి పెట్టు. కరిగిపోవడానికి ఇదేమైనా బెల్లం ముక్కా? నా పాఠం విని పదో తరగతి తప్పినవాడివి నువ్వు. ఇప్పుడైనా సరిగ్గా చెప్పు. ఏమైంది?”

పూతపనివాడికి యాభై దగ్గర పడ్డాయి. అయినా చేతులు కట్టుకున్నాడు.

“వెండి పరమాణువులు ఒక్కోటీ ఒక్కో ఎలక్ట్రాన్ వదులుకున్నాయి. అయాన్లయ్యాయి. పక్కవాటితో బంధం తెంచుకుని నీళ్లలోకి దిగాయి.”

“దిగి?”

“మైనస్ కమ్మీ దాకా వెళ్లాయి. అక్కడ మళ్లీ ఎలక్ట్రాన్ తీసుకుని వెండిగా పేరుకున్నాయి.”

“ఆ రోజు ఈ మాత్రం రాసుంటే పాస్ చేసేవాణ్ణి.”

మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. తొట్టిలోకి తొంగి చూశారు.

“అంటే, ఒక్క పరమాణువు కూడా చావలేదు.”

“లేదు మాస్టారూ. కొన్ని నీళ్లలో ఉండిపోయి ఉంటాయి. మిగతావన్నీ ఆ వస్తువు మీదే ఉన్నాయి.”

“ఈ ఉంగరం కోసం ఒకడు శవం లేవకముందే చెయ్యి చాపాడు. మా అమ్మది, నాకివ్వు బావా అన్నాడు. గడప దిగమన్నాను. నాలుగేళ్లయింది, వాడి మొహం చూడలేదు. తోడబుట్టినవాడైతే మాత్రం? ఒంట్లో బాగోలేనప్పుడు అక్కను చూడ్డానికి రానివాడికి ఉంగరం ఎందుకు?”

పూతపనివాడు చేతిలోని గుడ్డను మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

“ఆ వస్తువేదీ? చూపించు.”

“గంట క్రితమే పట్టుకెళ్లిపోయారు.”

“ఏమిటది?”

“చేతికర్ర పిడి.”

మాస్టారు లేచారు. చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నారు.

“ఎంతటివాడైనా సరే, వెళ్లి అడుగుతాను. కాదంటే కాళ్లు పట్టుకుంటాను. ఇంకొకడి అరచేతి కింద ఆమెను వదిలేసి నేను నిద్రపోలేను. ఇల్లెక్కడో చెప్పు.”

“ఆ ఇల్లు మీకు తెలుసు మాస్టారూ,” అన్నాడు పూతపనివాడు తల దించుకుని. “ఆ కర్ర మీ బావమరిదిగారిది.”