గేటు దగ్గర ఏడుపు

"అమ్మా, మళ్లీ మీ పాపే," అన్నాడు వాచ్‌మన్, శిక్షణ గది తలుపు తోసి. "గేటు దగ్గర గుక్కపట్టి ఏడుస్తోంది."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఆ బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ పనికి ఒక ఆడమనిషిని ఎంచుకోవడం అదే మొదలు. షిఫ్టు అయ్యాక నెల రోజులు శిక్షణ ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో మగవాళ్లే కూర్చున్నారు. వాళ్ల పిల్లలు ఎక్కడ ఏడ్చారో ఎవరూ అడగలేదు.

ఆమె వెళ్లేసరికి గేటు బయట భర్త మూడేళ్ల పాపను భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. అతనిదీ అదే ఫ్యాక్టరీ, ప్యాకింగులో పని. తన షిఫ్టు అవగానే పక్కింటి నుంచి పాపను తెచ్చుకుని, ఆమె వచ్చేదాకా తనే చూసుకుంటున్నాడు.

"ఏం చేయను? అమ్మ కావాలని ఒకటే గోల."

పాప ఆమె మెడను కరుచుకుపోయింది.

"పక్కింటి పిన్ని దగ్గర పగలంతా బాగానే ఆడుకుంటుందటగా?"

"పొద్దుగూకితే పిల్లలకి తల్లే కావాలి. నువ్వు దిగులు పడకు, లోపలికెళ్లు. నా తిప్పలేవో నేను పడతాలే."

పాప వదిలితేగా వెళ్లడానికి!

"ఇలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం తల్లీ," అన్నాడు వాచ్‌మన్.

ఆమె కూడా అదే అనుకుంది. ప్యాకింగులో వాళ్లు, "ఇకనుంచి మీ ఆవిడే నీకు హాజరు వేస్తుందిరోయ్! టీకి వెళ్లాలన్నా ఆవిణ్ణే అడగాలి!" అని ఆటపట్టిస్తే, అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

మర్నాడు సాయంత్రం మేనేజరు ఆమెను పిలిపించాడు.

"రోజూ ఇదే వరసైతే ఎలాగమ్మా? శిక్షణ సగంలో లేచిపోతున్నావు."

"ఇంకొక్క వారం చూడండి సార్. పాపకి అలవాటవుతుంది."

"ఇల్లా, లైనా? ఏదో ఒకటి తేల్చుకో."

సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి ఏడుపు వినిపించింది. ఆమె తలుపు వైపు తిరిగింది.

"నా వల్ల కాదు సార్," అంది.

"ముందే అనుకున్నాను," అన్నాడు మేనేజరు. పక్కనున్న గుమాస్తాతో, "ఇంకెప్పుడూ ఆడవాళ్ల పేర్లు పంపకు," అని చెప్పాడు.

సంగతి విని భర్త చాలాసేపు నొచ్చుకున్నాడు. "అయ్యో, తొందరపడ్డావు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాల్సింది," అని, పాల ప్యాకెట్ తేవడానికి వీధిలోకి వెళ్లాడు.

ఆమె పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఎంత ఆపుకున్నా కన్నీళ్లు ఆగలేదు. ఏళ్లపాటు నడుం విరిగేలా కుట్టి తెచ్చుకున్న అవకాశం అది. ఇక జన్మంతా ఆ మిషన్ ముందే.

"రేపటి నుంచి సాయంత్రం అమ్మ నీతోనే ఉంటుంది. ఇంక ఏడవవుగా బంగారం?"

పాప తలుపు వంక చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అయితే నాన్న ఇంక గిల్లడా?"