రామదాసు గారి తోడి

"ఇయ్యన్నా! ఆ కాసెట్టునేమన్నా కొరుక్కొని తింటానా?" ఓంప్రకాష్ చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు.

కేశవులు వినపడనట్టు కాఫీ గ్లాసులు సర్దుతున్నాడు. నంద్యాలలో ఆయనకు బట్టల అంగడి, అంగడి మీద మిద్దె. ప్రతి ఆదివారం సాయంత్రం సంగీతం పిచ్చి ఉన్న నలుగురు ఆ మిద్దె మీద చేరతారు. ఎవరికి కొత్త కాసెట్టు దొరికినా ఇక్కడికే తెస్తారు. తిరుపతిలో ఎవరు పాడారు, కర్నూలుకు ఎవరొస్తున్నారు అనే కబుర్లన్నీ ఇక్కడే తేలతాయి. ఆళ్లగడ్డలో మందుల షాపు నడిపే ఓంప్రకాష్ అయితే బస్సెక్కి మరీ వస్తాడు.

ఈసారి అతను తెచ్చిన కబురు మామూలుది కాదు. హైదరాబాదులో ఒక కంపెనీ కంభం రామదాసు గారి వయొలిన్‌ను సీడీగా వేస్తానంటోంది. రామదాసు గారు రేడియో గడప తొక్కలేదు, ఎవరికీ రికార్డులివ్వలేదు. తొంభై మూడులో ఆళ్లగడ్డలో వాయించిందే ఆయన ఆఖరి కచేరీ. టేపురికార్డరు పట్టుకుపోయి ముందు వరుసలో కూర్చున్నది కేశవులు ఒక్కడే.

మిగతా కాసెట్ల విషయంలో కేశవులు పిసినారి కాదు, అడిగినవాడికల్లా ఇస్తాడు. ఈ ఒక్కటి అడిగితే మాత్రం చెవిటివాడైపోతాడు. పెళ్లాన్నైనా పుట్టింటికి పంపుతాడు గానీ దాన్ని గడప దాటించడని స్నేహితుల ఎగతాళి. అరిగిపోతుందని తనూ వేసుకోడు. మరీ బతిమాలితే తనే నోటితో వినిపిస్తాడు. రామదాసు గారు తోడి రాగం ఎలా ఎత్తుకున్నారో, మధ్యలో కరెంటు పోతే మైకు లేకుండా చీకట్లోనే ఎలా వాయించారో, జనం ఎలా ఊపిరి బిగబట్టారో చెబుతుంటే, విన్నవాళ్లకు తామూ ఆ పందిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ తోడి వల్లనే కేశవులుకు చుట్టుపక్కల ఊళ్లలో రసికుడని పేరొచ్చింది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

"అరిగిపోతాదప్పా," అని గొణిగాడు.

"ఒక్కసారికేం అరగదులే. సీడీ అయితే నూరేండ్లుంటాది. రేపే హైదరాబాదు పోతాండా. నా చేత్తో ఇచ్చి, నా చేత్తోనే తెస్తా."

సంగీతం టీచరుగా రిటైరైన జయలక్ష్మమ్మ నెమ్మదిగా అంది. "నాయనా కేశవులూ, ఆయన పోయి పదేండ్లాయె. నువ్వు దాచిపెట్టుకుంటే ఆయన వాయింపు నీతోనే పోతాది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కేశవులు ఏదో చెప్పబోయాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. లేచి, గాజు బీరువా తెరిచి, కాసెట్టు తీసి ఓంప్రకాష్ చేతిలో పెట్టాడు.

"బిడ్డను అత్తగారింటికి పంపినట్టు పంపుతాండాడు చూడండప్పా," అని బ్యాంకులో పనిచేసే కరుణాకర్ నవ్వాడు.

ఆ వారమంతా కేశవులుకు అన్నం సయించలేదు. అంగట్లో రవిక గుడ్డ అడిగినామెకు తువ్వాలు చించి ఇచ్చాడు.

"ఏంది మీ దిగులు? టేపు తెగుతాదనా?" అని అడిగింది భార్య గౌరమ్మ.

"దానికేమన్నా అయితే నేను నలుగుర్లో తలెత్తుకోలేనే."

"ఆ నలుగురూ మనోళ్లే గదా!" అనేసి ఆమె వంటింట్లోకి పోయింది.

ఆదివారం వచ్చింది. మహానందికి పోదామని ఆయనే బయలుదేరదీశాడు. ఆదివారం పూట మిద్దె వదిలి గుడికా అని గౌరమ్మ వింతగా చూసింది. చెప్పులు వేసుకునేలోపే మెట్ల మీద ఓంప్రకాష్ అడుగుల చప్పుడు, వెనకాలే మిగతావాళ్ల మాటలు వినిపించాయి.

ఓంప్రకాష్ మొహంలో ఎప్పటి నవ్వు లేదు. "పని కాలేదు," అన్నాడు. "టేపు పాతబడిందంట. సీడీకి పనికిరాదన్నారు."

"అయ్యో, ఎంత పని జరిగె!" జయలక్ష్మమ్మ ఉసూరుమంది.

"ఇచ్చే ముందు నువ్వన్నా విన్నావా?" కరుణాకర్ అడిగాడు.

"వినకుండా ఉంటానా? ఇంట్లో కుచ్చోని రెండు పక్కలా, మొదులుకాడి నుంచి కడదాంక విన్నా."

"ఎట్లుండాది?"

ఓంప్రకాష్ కేశవులు వైపు చూశాడు. ఆ చూపుకు తట్టుకోలేక కేశవులు తల దించుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఏం చెప్పల్లప్పా! అన్న ఇన్నేండ్లూ మనకు చెప్పింది తక్కువే. ఆ తోడికి కండ్లెంబడి నీళ్లు కారినాయి. కరెంటు పోయినప్పుడు జనం ఊపిరి బిగబట్టింది గూడా వినపడతాది."

కేశవులు చివ్వున తలెత్తాడు.

ఓంప్రకాష్ దగ్గరికొచ్చి కాసెట్టును ఆయన అరచేతిలో పెట్టాడు. వేళ్లు మూసి, ఆ పిడికిలిని కాసేపు తన రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంక ఎవురడిగినా ఇయ్యొద్దన్నా. నేనడిగినా సరే. అరిగిపోతాది."

కేశవులు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోతే ఓంప్రకాష్ వద్దన్నట్టు తల ఊపాడు. పోయిన నిధి తిరిగొచ్చిన సంతోషమనుకుని కరుణాకర్ వీపు తట్టాడు.

"ఆ కంపెనీ ఊసు మనకెందుకు? నువ్వే వినిపించు నాయనా," అంది జయలక్ష్మమ్మ.

కేశవులు గొంతు సవరించుకుని తోడి ఎత్తుకున్నాడు. మొదట వణికినా, పోను పోను గొంతు నిలబడింది. ఓంప్రకాష్ ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటిసారి వింటున్నంత శ్రద్ధగా విన్నాడు.

పదేళ్ల కిందటి ఆ కచేరీలో కేశవులు రికార్డు బటన్ నొక్కనే లేదు.