జోడు డప్పు

దున్నుతుండగానే అప్పలసూరి ఎద్దు చాలులో కూలిపోయింది. ముక్కులోంచి నల్లటి రక్తం కారింది.

కబురు విని, ఊళ్లో డప్పు వాయించే రాముడు కత్తి పట్టుకుని పరుగెత్తాడు. అమ్మవారి పండగ దగ్గర పడింది. ఉన్న డప్పుకి జోడు కట్టాలి. ఉన్నది పోయిన పండక్కి పొరుగూరి గంగులు కట్టిచ్చింది. అది ఇచ్చి వెళ్లాక పాపం గంగులు జ్వరమొచ్చి పోయాడని విన్నారు.

ఎద్దు పక్కన ఎవరో ముసలామె నిలబడి ఉంది. ఊరికి కొత్త.

"తోలు తియ్యకు బాబూ. ఇది దొమ్మ రోగం. నీకూ అంటుకుంటాది."

"అమ్మోరి డప్పుకి తోలే! తప్పుకో. ఎవులి మనిసివి నువ్వు?"

"ఎవులినైతే ఏటి? పాతిపెట్టీండి."

రాముడు వినలేదు. వంగి కత్తి పెట్టబోయాడు.

ముసలామె చంకలోని కొడవలి తీసి, ఎద్దు తోలు అడ్డదిడ్డంగా చీరేసింది. చేతులు రక్తంతో తడిసిపోయాయి.

డప్పుకి పనికిరాకుండా పోయింది తోలు.

రాముడు ఆమెను కొట్టబోతే అప్పలసూరి ఆపాడు. "పిచ్చిదిరా, ఒగ్గీ."

తిట్టుకుంటూ ఎద్దుని తాళ్లతో లాగి పాతిపెట్టారు. ఎవరూ తవ్వకుండా ఆమె ఆ గోతి పక్కనే కూర్చుంది. అప్పలసూరి పెళ్లాం అసిరమ్మ జాలిపడి రోజూ గంజి పోసేది.

ఓ పొద్దున అసిరమ్మ గంజి ముంత వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది.

ముసలామె మణికట్టు మీద బొగ్గులాంటి నల్ల మచ్చ. చుట్టూ నీటి పొక్కులు. చెయ్యంతా వాచింది.

టీకాలవాళ్లు ఎన్నిసార్లొచ్చి చెప్పినా, ఒంటిమీద ఏది లేచినా అమ్మవారే అనుకునే ఊరు అది.

"అమ్మోరి తోలు సీరేసింది గదా, అమ్మోరే పట్టింది!"

"అమ్మోరు గాదు. నొప్పి లేదు, సూడండి. బండి కట్టండి బాబూ. ఆసుపత్రిలో సూదేస్తే తగ్గుతాది."

ఎవరూ బండి కట్టలేదు. ఆమెను పొలిమేర దాటించమన్నారు.

రాముడు డప్పు మెడలో వేసుకున్నాడు. ఆమె వెనకే నడుస్తూ కసి తీరా వాయించాడు. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి డప్పు వైపు చూసింది. నడిచిపోయింది.

నాలుగు రోజులకి బండి జోగయ్య నెల్లిమర్ల మిల్లులో గోగునార దించి తిరిగొచ్చాడు.

"తోవలో ముసల్ది పడుంటే ఆసుపత్రికి ఏసుకెల్లాను. మచ్చ సూడగానే గొడ్ల దొమ్మేనన్నాడు డాక్టరు. ముందే తెస్తే పెన్సిలిన్‌తో బతికేదట."

"పోయిందా?"

"పోయింది."

రాముడు తన చేతులు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. ఆ మచ్చ లేవాల్సింది ఇక్కడే. సిగ్గుతో వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"నానే తరిమీసాను మావా... ఎవులామె?"

"దేముడమ్మ. గంగులు తల్లి. బండిలో తనే సెప్పింది. ఆడి సేతికీ ఈ మచ్చే లేసిందట, సచ్చిన గొడ్డు తోలు తీసి మీకు డప్పు కట్టినాక."

రాముడు గోడకి వేలాడుతున్న డప్పు వైపు చూశాడు. పొలిమేర దాటేదాకా దేముడమ్మ వెనక మోగింది, ఆమె కొడుకు ఆఖరిసారి కట్టిన డప్పు.